అడిగి తెలుసుకోవడమూ ఒక చదువే

(శ్రీకాళహస్తిలో ఈ ఏడాది డిగ్రీ పూర్తిచేసిన యువతీయువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశ జనాభాలో 13.4 శాతమున్న ముస్లిములు ఐ.ఎ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం మాత్రమే ఉన్నారని 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తేల్చింది. ఈ లెక్కలో మరొక నష్టం దాగి ఉంది. ఉద్యోగి ఇంటికి జీతంతో పాటు సమాచారాన్నీ తెస్తాడు. ఏ ప్రకటన ఎప్పుడు వెలువడుతుంది, ఏ పనికి ఏ అర్హత కావాలి అన్నది ఆ ఇంటి పిల్లలకు భోజనాల వేళనే తెలిసిపోతుంది. ఆటో నడిపేవారి ఇంట, కుట్టుపని చేసేవారి ఇంట మొదటి పట్టభద్రునికి అది చెప్పేవారెవరు? గడువు దాటాక దరఖాస్తు పట్టుకొని వచ్చిన పిల్లలను మేము కొలువులో ఉన్నన్నాళ్లూ చూశాము.

ఏర్పేడు వద్ద ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. రాచగున్నేరిలో ఇనుప గొట్టాల కర్మాగారం, సత్యవేడు వైపు శ్రీసిటీ ఉన్నాయి. లోపల పనిచేసేవారు మనకు పరిచయం లేరు. ఆ పరిచయాన్ని నేడు ఫోనులోనే సంపాదించుకోవచ్చు. ఉద్యోగం అడగకుండా, ఆ పనిని గురించి మాత్రమే అడిగి తెలుసుకునే పదిహేను నిమిషాల సంభాషణ అది.

కొత్తవారు మనకేమి చెబుతారని సందేహించవద్దు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం పొందినవారిని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ విచారించి, 1973లో ఫలితాలు ప్రకటించారు. వందకు ఎనభై మందికి పైగా ఆ కబురు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే మనిషి నుండే అందింది. దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపువారి వద్దనే ఉంటుంది.

లింక్డ్‌ఇన్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, మీ కళాశాల పేరుతో వెదకండి. మీకన్నా ముందు చదివినవారు ఎక్కడ పనిచేస్తున్నారో కనబడుతుంది. వారిలో ఐదుగురికి ఇలా వ్రాయండి: “నమస్కారం. నేను శ్రీకాళహస్తి వాసిని. మీరు చదివిన కళాశాలలోనే ఈ ఏడాది బి.కాం. పూర్తిచేశాను. మీరు చేస్తున్న పనిని గురించి తెలుసుకోగోరుతున్నాను. వచ్చే వారం మీకు వీలైన వేళ పదిహేను నిమిషాలు మాట్లాడగలరా?” ఇంతే చాలు. బయోడేటా జతచేయవద్దు. వారం గడిచినా జవాబు రాకుంటే ఒక్కసారి గుర్తుచేయండి. ఆపైన మరొకరికి వ్రాయండి. ఐదుగురిలో ఒక్కరు పలికినా మేలే.

మాట్లాడే ముందు వారి సంస్థను గురించి చదివి, ఐదారు ప్రశ్నలు కాగితం మీద వ్రాసుకోండి. రోజంతా మీరు చేసే పని ఏమిటి? ఇందులోకి ఎలా వచ్చారు? కొత్తగా వచ్చేవారిలో ఏ లోపం చూస్తున్నారు? ఆరు నెలల్లో నేను ఏమి నేర్చుకోవాలి? ఇంకెవరితో మాట్లాడమంటారు? ఈ చివరి ప్రశ్న తప్పక అడగండి. ఒక పరిచయం రెండవుతుంది. వారి జీతం ఎంతని అడగవద్దు. చెప్పిన సమయం ముగియగానే సెలవు తీసుకొని, ఆనాడే కృతజ్ఞతలు వ్రాయండి. ఇంగ్లీషు తడబడితే సిగ్గుపడనక్కరలేదు; అవతలివారు తెలుగువారైతే తెలుగులోనే మాట్లాడండి.

తల్లిదండ్రులకొక విన్నపం. ఆడపిల్ల ఇంట్లో కూర్చొని, పగటివేళ, మీకు చెప్పి మాట్లాడే ఈ సంభాషణకు అడ్డు చెప్పకండి. ఎవరైనా రుసుమనీ, డిపాజిట్ అనీ డబ్బు అడిగినా, ఓటీపీ అడిగినా అక్కడితో ఆపివేయండి. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

కొలువుల్లో ఉన్న మనవారికి కూడా ఒక మాట. మన ఊరి పిల్లలు వ్రాసినప్పుడు జవాబివ్వండి. సిఫారసు చేయలేకపోవచ్చు, దారి చెప్పగలరు. మనకు రావలసిన వాటా కోసం ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉందాం. అది వచ్చేలోగా తెలిసినవారిని అడగడం మానవద్దు. బిడ్డలారా, ఈ వారమే మొదటి ఉత్తరం వ్రాయండి. వ్రాతలో సాయం కావలసినవారు మా వద్దకు రండి, కూర్చొని వ్రాయిస్తాము.