మన తాడ్వాయి అడవి
(రఘునాథపల్లిలో జరిగిన పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మిత్రులు ఇప్పటికే వివరంగా మాట్లాడారు. నేను రిటైరైన గుమాస్తాను, అడవుల శాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా రెండేళ్లకొకసారి మనమంతా దాటిపోయే ఒక అడవిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మేడారం జాతరకు పోయేటప్పుడు పస్రా దాటితే రోడ్డుకు రెండు వైపులా అడవే. అది ఏటూరునాగారం అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 800 చదరపు కిలోమీటర్లు. 1950ల మొదట్లోనే దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2016లో మన రఘునాథపల్లి జనగామ జిల్లాలో చేరింది. 2019లో ఆ ప్రాంతం ములుగు జిల్లా అయింది. కాగితం మీద విడిపోయినా, పాత వరంగల్ జిల్లావాళ్లం గనుక అది మన అడవే.

బస్సు కిటికీలోంచి చూస్తే అంతా టేకే అనిపిస్తుంది. దిగి చూస్తే నల్లమద్ది, ఏగిస, జిట్టేగి, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు కనబడతాయి. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, అడవిదున్న, చిరుతపులి, మన వైపు గుడ్డెలుగు అనే ఎలుగుబంటి, అన్నీ అక్కడివే.

ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. రాత్రిపూట ఇప్పపూల మీద వాలే గబ్బిలాలు పుప్పొడి మోస్తాయి, పండు తిని గింజను దూరంగా పడేస్తాయి. తెల్లవారుజామున రాలిన పూలను కోయవారు ఏరుకుంటారు, దుప్పులు తింటాయి. ఎలుగు తునికిపండు తింటే, దాని పెంటలో పడ్డ గింజ మరోచోట మొలుస్తుంది. ఒక జాతి పోతే దానిని నమ్ముకున్న నాలుగు జాతులకు కష్టం వస్తుంది.

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వందల ఎకరాలలో వేలాది చెట్లు కూలిపోయాయి. గాలి వేగంతోపాటు, నేలలో లోతు లేక వేళ్లు కిందికి దిగకపోవడం కూడా కారణమని అధికారులు చెప్పారు. ఆ వార్త చదివి చాలామంది “మళ్లీ మొక్కలు నాటితే సరి” అన్నారు. ఒకే జాతి మొక్కలు వరుసగా నాటితే తోట అవుతుంది గాని అడవి కాదు. నిప్పు, పశువులు, గొడ్డలి దూరంగా ఉంటే టేకు, తునికి మోళ్ల నుండే చిగురిస్తాయి. మిగతా గింజలను పిట్టలు, గబ్బిలాలు, ఎలుగులు తెచ్చి వేస్తాయి. దానికి ఏళ్లు పడుతుంది, ఓపిక కావాలి.

ఆఫీసులో ఫైలు పోతే డూప్లికేటు కాపీలు వెతికి మళ్లీ తయారుచేసేవాళ్లం. అడవికి డూప్లికేటు కాపీ లేదు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. వచ్చే జాతరకు పోయినప్పుడు ప్లాస్టిక్ సంచులు, సీసాలు అక్కడ వదలకండి. తిన్న ఆహారం రుచికి జంతువులు ఆ సంచులను కూడా మింగుతాయి. ఆరని బీడీముక్క, వంట పొయ్యిలో నిప్పు విడిచి రాకండి. ఎండాకులకు అంటుకుంటే కాలేది మొలకలే. మనవళ్లకు అమ్మవార్లతోపాటు ఇప్పచెట్టును, తునికిచెట్టును కూడా చూపించి పేర్లు చెప్పండి. పేరు తెలిసిన చెట్టును నరకడానికి చేయి అంత తొందరగా రాదు.