వేరుపడినా తెగని లెక్కలు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకోవలసిన సభలో బ్రిటన్ గొడవ మనకెందుకని ఒకరిద్దరు మిత్రులు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఒక్కటే. ఒక దేశం ఒక కూటమి నుంచి విడిపోయినప్పుడు నినాదాలు ముందుగా ఆగిపోతాయి. చిట్టచివరిదాకా నడిచే లెక్కల్లో పెన్షన్ల లెక్క ఒకటి. అందుచేత అది మన విషయమే.

ముందుగా జరిగిన కథ క్లుప్తంగా మనవి చేస్తాను. బ్రిటన్ 1973 జనవరి 1న అప్పటి యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. 2016 జూన్ 23న జరిగిన రిఫరెండంలో 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు, 48.1 శాతం మంది ఉందామన్నారు. ఓటు వేయడానికి ఒక్క రోజు పట్టింది. ఎట్లా విడిపోవాలో తేల్చుకోవడానికి మూడున్నరేళ్లు పట్టింది. థెరిసా మే ప్రభుత్వం కుదుర్చుకొన్న ఒప్పందాన్ని 2019లో పార్లమెంటు మూడుసార్లు తోసిపుచ్చింది. చివరకు బోరిస్ జాన్సన్ హయాంలో 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది. ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే నడిచాయి.

ఉమ్మడి కుటుంబాలు వేరుపడటం మనం చూసినవాళ్లమే. పొలం పంచుకోవడం తేలిక, బావి దగ్గర చిక్కు వస్తుంది. బ్రిటన్‌కు ఆ బావి ఉత్తర ఐర్లాండ్. 1998 శాంతి ఒప్పందం తరువాత ఐర్లాండ్ ద్వీపంలో సరిహద్దు తనిఖీలు మళ్లీ పెట్టడానికి ఎవరూ సాహసించలేదు. అందుచేత తనిఖీలు బ్రిటన్‌కూ, దానిలో భాగమే అయిన ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య వచ్చిపడ్డాయి. ఇంటి సరిహద్దున గోడ కట్టలేక నట్టింట్లో గీత గీసుకొన్నట్టయింది. ఆ గీతను కొంత పలుచన చేయడానికి 2023లో రిషి సునాక్ ప్రభుత్వం విండ్సర్ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

ఇక మన లెక్కకు వస్తాను. యూరోపియన్ యూనియన్ ఉద్యోగుల పెన్షన్లకు విడిగా నిధి లేదు. ఏటా బడ్జెట్ నుంచే చెల్లిస్తారు. బ్రిటన్ వెళ్లిపోతే దాని వాటా ఎవరు భరించాలి? 2020 డిసెంబర్ 31 నాటికి ఏర్పడిన పెన్షన్ బాధ్యతలో తన వాటా తాను చెల్లించడానికి బ్రిటన్ ఒప్పుకొని సంతకం చేసింది. ఆ చెల్లింపులు 2060 తరువాత కూడా కొనసాగవలసి ఉంటుంది. 2016లో ఓటు వేసిన పెద్దలలో చాలామంది అప్పటికి ఉండరు. వారి మనుమలు కట్టే పన్నుల నుంచి ఆ బాకీ తీరుతుంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయినప్పుడు, అంతకుముందు మంజూరైన పెన్షన్ల భారాన్ని 58.32 : 41.68 జనాభా నిష్పత్తిలో పంచాలని పునర్విభజన చట్టం ఎనిమిదో షెడ్యూల్‌లో రాశారు. ఆ రోజుల్లో ఆ షెడ్యూల్‌ను మనలో ఎందరు ఎన్నిసార్లు చదువుకొన్నారో నేను చెప్పనక్కరలేదు.

రెండో లెక్క, విదేశాల్లో స్థిరపడిన బ్రిటిష్ పెన్షనర్లది. స్పెయిన్‌లోనో ఫ్రాన్స్‌లోనో ఉంటున్న పెన్షనరుకు బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ప్రతి ఏప్రిల్‌లో పెరుగుతూనే ఉంది. ఒప్పందంలో ఆ మాట రాయించుకొన్నారు కనుక పెరుగుతోంది. అదే పెన్షనరు మన దేశంలోనో, కెనడాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే మొదట వచ్చిన అంకె దగ్గరే ఆగిపోతుంది. బ్రిటన్‌లో ఏళ్లతరబడి పనిచేసి, చందా కట్టి, సొంత ఊరికి తిరిగివచ్చిన మన తెలుగువారికీ ఇదే గతి. విడిచివచ్చిన కూటమిలో ఉన్నవారికి పెరుగుదల ఉంది, కామన్వెల్త్ బంధువులని చెప్పుకొనే దేశాల్లో ఉన్నవారికి లేదు. బంధుత్వం ఎంత పాతదైనా, కాగితం మీద రాయించుకొన్నదే చేతికి అందుతుంది.

పోగొట్టుకొన్నవీ ఉన్నాయి. స్పెయిన్‌లో చిన్న ఇల్లు కొనుక్కొని చలికాలమంతా అక్కడే గడిపే అలవాటున్న బ్రిటిష్ వృద్ధులు ఇప్పుడు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండాలంటే వీసా కావాలి. విద్యార్థులకు ఎరాస్మస్ పథకం పోయింది.

అయితే తెంచుకొన్న దారాలను ఒక్కొక్కటిగా మళ్లీ ముడివేసుకొంటున్నారు. 2024 జనవరి నుంచి హొరైజన్ పరిశోధన పథకంలో బ్రిటన్ తిరిగి చేరింది. 2025 మే 19న లండన్‌లో ప్రధాని కీర్ స్టార్మర్, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ సమావేశమై రక్షణ భాగస్వామ్యం కుదుర్చుకొన్నారు. ఆహార పదార్థాల తనిఖీలు తగ్గించే ఒప్పందానికి దారి వేసుకొన్నారు. దానితోపాటు యూరప్ పడవలు బ్రిటిష్ జలాల్లో చేపలు పట్టుకోవడానికి 2038 వరకు అనుమతి ఇచ్చారు. 2027లో ఎరాస్మస్‌లో మళ్లీ చేరడానికి 2025 డిసెంబరులో ఒప్పుకొన్నారు. బ్రిటన్ ఎగుమతుల్లో సుమారు 40 శాతం ఆ కూటమికే పోతున్నప్పుడు పలకరించుకోకుండా ఎంతకాలం ఉండగలరు?

మిత్రులారా, విడిపోవడం మంచిదా, కలిసి ఉండటం మంచిదా అన్నది ఆ దేశ ప్రజలు తేల్చుకోవలసిన మాట. మనం గ్రహించవలసింది మరొకటి. రాష్ట్రాలు విడిపోయినా, శాఖలు విలీనమైనా, సంస్థలు చేతులు మారినా, సర్వీసు చేసినవారి హక్కు ఏ పేజీలో, ఏ క్లాజులో ఉందో ముందు వెతకాలి. లేకపోతే సంతకాలు కాకముందే రాయించాలి. తరువాత అడిగితే అది విన్నపం అవుతుంది. సంఘం ఉన్నది అందుకే. అందరం సభ్యత్వం కొనసాగించి, వచ్చిన ప్రతి జీ.ఓ.ను శ్రద్ధగా చదువుదాం.