అప్పుడప్పుడు హీటెక్కే టర్బో బండి: డ్రైవర్ దగ్గర ఉండాల్సిన లెక్క



మేం షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీల్లో పనిచేసేవాళ్లం. మీలో చాలామంది ఇళ్లల్లో, కంపెనీల్లో డ్రైవర్లు. బండి చెడిపోతే బాగుచేసేది మేమే గానీ, మాట పడేది మీరు. అందుకని ఈ ఏడు ఒకే ఒక్క విషయం చెబుదామనుకున్నాం. అది టర్బో బండి అప్పుడప్పుడు హీటెక్కడం గురించి.

రోజూ హీటెక్కే బండితో మాకు పెద్ద తిప్పలు లేవు. వెతికితే దొరుకుతుంది. అప్పుడప్పుడు హీటెక్కేదానితోనే కష్టం. డాక్టర్ గడప తొక్కగానే పంటినొప్పి తగ్గినట్టు, గ్యారేజీకి రాగానే అది మంచిగా నడుస్తుంది. అప్పుడు మెకానిక్ ఊహ మీద సామాను మారుస్తాడు, యజమాని డబ్బు కడతాడు, చివరికి కోపం డ్రైవర్ మీదికి వస్తుంది.

పోయిన ఎండాకాలం జగిత్యాల వైపు తమ్ముడొకడు మా దగ్గరికి వచ్చాడు. ఇంటి డ్రైవర్. రెండు లీటర్ల టర్బో పెట్రోలు బండి, ఏడుగురు కూర్చునేది. "అన్నా, ముల్లు ఎర్రగీత దాకా పోతది, మళ్లీ అదే దిగుతది. గ్యారేజీకి తెస్తే ఏం కాదు. నేనే సరిగ్గ నడుపుతలేనని సేటు అంటుండు" అన్నాడు. అప్పటికే ఒక గ్యారేజీలో థర్మోస్టాట్ మార్చారు, ఇంకోచోట రేడియేటర్ మార్చారు. మూడోచోట హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజను విప్పాలి, 4,000 దిర్హాములు అవుతుందన్నారు. సేటు ఆ నెల నుంచే జీతంలో 300 కోస్తానన్నాడు.

మేం ఆ రోజు ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి, హీటెక్కిన ప్రతిసారీ, బండి పక్కకు ఆపాక ఈ ఆరు సంగతులు రాయమన్నాం.

1. టైము ఎంత, బయట ఎండ ఎంత.
2. బండి నిలబడి ఉందా, ట్రాఫిక్‌లో పాకుతోందా, 100 పైన పోతోందా, గుట్ట ఎక్కుతోందా.
3. ఏసీ వేసి ఉందా. వేసి ఉంటే, దాని గాలి చల్లగానే ఉందా, వేడిగా మారిందా.
4. ముందు ఫ్యాను చప్పుడు వినబడుతోందా.
5. ముల్లు ఎప్పుడు దిగింది: వేగం అందుకున్నాకా, నెమ్మదించాకా.
6. మరునాడు పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, డబ్బాలో కూలెంట్ ఏ గీత దగ్గర ఉంది.

పది రోజుల్లో నాలుగుసార్లు హీటెక్కింది. నాలుగుసార్లూ ఒకటే కథ. హైవే మీద గట్టిగా నడిపి వచ్చి, అల్ ఇత్తిహాద్ రోడ్డు జామ్‌లోనో, స్కూలు ముందో ఆగాడు. ముందు ఏసీ గాలి వేడెక్కింది, తర్వాత ముల్లు లేచింది. బండి కదిలి 60 అందుకోగానే దిగిపోయింది. కూలెంట్ గీత మాత్రం కదల్లేదు.

ఇక్కడ టర్బో సంగతి కొంచెం చెప్పాలి. ఇంజను వదిలే మంట లాంటి పొగతోనే టర్బో తిరుగుతుంది. ఆ వేడిలో కొంత ఆయిలూ, కూలెంటూ మోయాలి. గట్టిగా నడిపి ఆగినప్పుడు టర్బోలో మిగిలిన వేడి కూలెంట్‌లోకి వస్తూనే ఉంటుంది. అందుకే చాలా బండ్లలో ఇంజను ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరుగుతుంది. అది రోగం కాదు. పైగా చాలా టర్బో బండ్లలో ముందువైపు ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బండి పరుగెత్తేటప్పుడు గాలి దానంతట అదే దూరుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు.

నోట్‌బుక్ చూడగానే ఫ్యాను మీద అనుమానం వచ్చింది. మొదటి మూడు గ్యారేజీల్లో ఫ్యాను చూడలేదా అంటే, చూశారు. బానెట్ ఎత్తి, నీడలో చూస్తే తిరిగింది. మేం బండిని హైవే మీద తిప్పి తెచ్చి, ఏసీ వేసి, బానెట్ మూసి ఎండలోనే నిలబెట్టాం. ఇరవై నిమిషాలకు ఫ్యాను ఆగింది. మోటారుకు కరెంటు వస్తోంది, కానీ తిరగడం లేదు. కర్రతో మోటారు మీద మెల్లగా తడితే తిరిగింది. లోపల బ్రష్‌లు అరిగిపోయాయి. వేడెక్కితే పట్టు వదులుతున్నాయి. ఫ్యాను మోటారు మార్చాం. కొన్ని వందల దిర్హాములతో పని అయిపోయింది. హెడ్ గ్యాస్కెట్‌కు ఏమీ కాలేదు. (కర్రతో తట్టే పని మీరు చేయకండి. ఇంజను ఆపి ఉన్నా ఆ ఫ్యాను ఉన్నట్టుండి తిరిగి వేళ్లు పోతాయి.)

అన్ని బండ్లకూ ఇదే జబ్బు ఉండదు. కానీ ఎప్పుడు హీటెక్కుతుందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ఆగినప్పుడు హీటెక్కి, కదిలితే దిగితే ఫ్యాను, దాని రిలే, వైరింగు చూడాలి. ఇంజను బెల్టుతో తిరిగే ఫ్యాను ఉన్న పెద్ద బండ్లలో అయితే ఫ్యాను క్లచ్ చూడాలి.

ట్రాఫిక్‌లో బాగుండి, వేగంలోనో, జెబెల్ హఫీత్ లాంటి గుట్ట ఎక్కేటప్పుడో హీటెక్కితే కూలెంట్ చాలినంత పారడం లేదన్నమాట. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. వాటర్ పంపులో ప్లాస్టిక్ రెక్కల చక్రం ఉంటే, అది పగిలో, ఇరుసు మీద జారో ఉండొచ్చు. రేడియేటర్ లోపల పాచి పట్టి ఉండొచ్చు. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ ఇసుక పేరుకున్నా ఇదే జరుగుతుంది. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. దాన్ని ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. పెద్ద ప్రెషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతూ ఉంటే, గట్టిగా తొక్కినప్పుడే హీటెక్కితే, చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోసు రాయిలా బిగిస్తే, అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. టర్బో ఊదినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, పొగ కూలెంట్‌లోకి దూరుతుంది. దీనికి ఒక పరీక్ష ఉంది. కూలెంట్ మూత దగ్గర నీలం మందు ఉన్న గొట్టం పెడతారు. పొగ వస్తుంటే మందు పసుపు రంగుకు మారుతుంది. నిలబడ్డ బండికి ఒక్కసారి చేసి బాగుందని వదిలేయకూడదు. బరువు మీద నడిపి తెచ్చి, కాస్త చల్లారాక మళ్లీ చేయాలి. ఇంజను విప్పాలని ఎవరైనా అంటే, ఈ పరీక్ష చేశారా అని ముందు అడగండి.

ముల్లును మరీ నమ్మకండి. చాలా కొత్త బండ్లలో వేడి కొంత పెరిగినా అది నడుమనే నిలబడేలా చేసి ఉంటుంది. అది లేచేసరికే ఆలస్యం అవుతుంది. స్టీరింగ్ కింద పెట్టే చిన్న ఓబీడీ రీడర్ కొంటే ఫోనులో అసలు డిగ్రీలు కనబడతాయి.

ఇక్కడ చలి లేదు, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలని చాలామంది అంటారు. అది తప్పు. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, ఎక్కువ వేడి దాకా మరగదు. థర్మోస్టాట్ తీసి పారేస్తే సరి అనే సలహా కూడా వినకండి. ఇంజను సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు రోగం దాక్కుంటుంది.

దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా పెట్టండి, పక్కకు తీయండి. ఎర్రగీత తాకినా, ఆవిరి కనబడినా ఇంజను ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగుతుంది. వేడి మీద మూత అసలు తీయొద్దు. లోపల ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న నీళ్లు, మూత తీయగానే మొహం మీదికి ఎగదన్నుతాయి. అలా కాలిన చేతులు మేం చూశాం. పై హోసు చేతికి చల్లగా తగిలేదాకా, గంట పట్టినా సరే, ఆగండి. వేడి ఇంజనులో చన్నీళ్లు పోయొద్దు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించొద్దని ఇక్కడ నియమం ఉంది. మన బండికి ఆ సెలవు లేదు. అందుకే ఎండాకాలం రాకముందే ఫ్యాను, కూలెంట్, హోసులు చూపించుకోండి.

చివరగా జీతం సంగతి. హీటెక్కిన వెంటనే డ్యాష్‌బోర్డు ఫొటో తీసి, బండి ఎక్కడ ఆపారో చెబుతూ సేటుకు వాయిస్ మెసేజ్ పంపండి. టైముతో సహా సాక్ష్యం ఉంటుంది. గ్యారేజీ బిల్లు, తీసిన పాత సామాను అడిగి తీసుకోండి. మీకు చదవరాని కాగితం మీద సంతకం పెట్టకండి. జీతం కోస్తామంటే గొడవ పడకుండా ముందు మన ఫోరం వాళ్లకు చెప్పండి. దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, మానవ వనరుల మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేసే దారీ ఉంది.

ఆ తమ్ముడు నోట్‌బుక్కూ, పాత మోటారూ సేటు ముందు పెట్టాడు. సేటు పేజీలు తిప్పి చూసి, ఆ 300 కోయకుండా వదిలేశాడు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ బండిలోనే ఉందట. మీ బండిలో కూడా ఒకటి పెట్టుకోండి. బండి హీటెక్కినప్పుడు మమ్మల్ని పిలవండి, కానీ నోట్‌బుక్ తీసుకుని రండి.

సెలవు. అందరూ జాగ్రత్తగా ఇళ్లకు చేరాలి.