పొరలుపొరలుగా వెలయు చిత్రము: మథుర సాంఝీ అచ్చుకాగితములు



ఢిల్లీలో నివసించు తెలుగువారిలో పలువురు మథురా బృందావనములను దర్శించియే యుందురు. సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్న ఆ క్షేత్రములనుండి పేడాలు కొనుక్కొని మరలువారే యెక్కువ. కాగితమును కత్తెరతో తొలిచి, ఆ రంధ్రముల గుండా రంగుపొడులు రాల్చి, కృష్ణలీలలను నేలపై నిలుపు సాంఝీ యను కళ అచట గలదని గమనించువారు తక్కువ.

సాంఝీ యను పేరు 'సంధ్య' శబ్దమునుండి వచ్చినదని చెప్పుదురు. సాయంకాలమున రాధ పూలతో నేలపై చిత్రములు తీర్చి కృష్ణుని కొఱకు నిరీక్షించెడిదని వ్రజభూమిలో కథ. వైష్ణవ సంప్రదాయముల ఆదరమున ఈ కన్యల వేడుక ఆలయములలో ప్రవేశించి, పూలతోపాటు రంగుపొడిని, కాగితపు అచ్చును గ్రహించినది. పితృపక్షమున బృందావనమునందలి రాధారమణ మందిరము వంటి చోట్ల మట్టివేదికపై సాంఝీని తీర్చి, సాయంకాలము దర్శనమిచ్చి, పిమ్మట చెరిపివేయుదురు. ఆ రంగులను యమునలో కలుపుట ఆచారము. సాంఝీ ముగియు అమావాస్యనాడే తెలంగాణమున ఎంగిలిపూల బతుకమ్మ మొదలగును. అచటను పూలే, స్త్రీలే, తుదకు నీటిలో నిమజ్జనమే. ఈ రెండింటికి చుట్టరికము కలదని చెప్పరాదు గాని, సాంఝీని చూచిన తెలుగువారికి అది పరాయిగా తోచదు.

ఇక పనితీరు. అచ్చుకాగితమును నేడు స్టెన్సిలు అనుచున్నాము. ఇందొక చిక్కు గలదు. కాగితమున వలయమును పూర్తిగా కత్తిరించినచో నడిమి బిళ్ల యూడిపడును. అది నిలుచుటకు అక్కడక్కడ సన్నని పట్టీలు విడువవలెను. ఆ పట్టీలున్న చోట రంగు పడదు. చిత్రము తెగిపోయినట్లు కనబడును. దీనికి పరిష్కారము రెండవ అచ్చు. మొదటి అచ్చులో పట్టీ యున్న తావున రెండవ అచ్చులో రంధ్రముండును. మొదటిదాని కొఱతను రెండవది పూరించును. అంతేగాక రంగునకొక అచ్చు చొప్పున, నెమలి దేహమున కొకటి, పింఛమున కొకటి, పింఛపు కన్నులకు వేఱొకటిగా కత్తిరింతురు. పలుచని గుడ్డతో పొడిని రాల్చి, అచ్చు కదలకుండ పైకెత్తి, తరువాతిదానిని సరిగా ఆ తావుననే దింపుదురు. మొదటి పొర వెండ్రుకవాసి జరిగినను ఆ తప్పు పై పొరల కన్నింటికిని సంక్రమించును.

ఈ పద్ధతియే శుభాకాంక్షల కార్డులు చేయువారికిని ఉపయోగించును. తామరపూవును తీర్చదలచినవారు మూడు అచ్చులు సిద్ధము చేసికొనవలెను. మొదటిది పూవు మొత్తపు ఆకారము; రెండవది రేకుల నీడలు; మూడవది ఈనెలు, కేసరములు. మూడింటికిని ఒకే చోట రెండు సూదిరంధ్రములు పొడిచి, కార్డుపైని గుర్తులతో వానిని కలిపినచో పొరలు తప్పవు. లేతరంగు ముందు, ముదురురంగు వెనుక వేయవలెను. కుంచెకు రంగు అద్ది, పాతగుడ్డపై దాదాపు పొడిగా తుడిచి, నిలువుగ పట్టి మెల్లగా తట్టవలెను. కుంచె తడిగా నున్నచో రంగు అచ్చు క్రిందికి ప్రాకి అంచు చెడును. ఒక పొర ఆరినపిమ్మటనే మరియొకటి వేయవలెను.

దేవళపు కళను కార్డులకు, దీపపు గూళ్లకు దింపుట అపచారమని కొందఱి ఆక్షేపణ. ఆ బాధలో న్యాయము లేకపోలేదు. వేదికపై సాంఝీ భగవంతునికి నివేదన. కార్డు అంగడి సరకు. అయినను ఒక సంగతి యోచింపవలెను. చిత్రము ఆ రాత్రియే చెరిగిపోవును. మఱునాటికి మిగులునది అచ్చుకాగితమే. అదియు రంగుపొడికి మాసి, అంచులు చిరిగి, కొన్నాళ్లకు శిథిలమగును. దానిని మరల కత్తిరింపగల చేయి యుండవలెను. ఏడాదికి ఒక్క పక్షము మాత్రమే పనియున్న చేయి తక్కిన దినములలో నెట్లు బ్రతుకును? ఆ వ్యవధిలో కత్తెరకు పని కల్పించునది అంగడియే. 2010లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్త్ క్రీడల చిహ్నచిత్రములకు సాంఝీ శైలియే ప్రేరణ. వానిని చూచిన లక్షలమంది ఆ పేరెఱుగరు. పేరు తెలియని కళకు గిరాకి యుండదు. గిరాకి లేని విద్యను తండ్రి కుమారునకు నేర్పుటకు జంకును.

నేడు యంత్రము ఎంతటి సన్నని గీతనైనను క్షణములో కోయగలదు. కాని పట్టీని ఎచట విడువవలెనో, ఏ పొర ముందో, ఏది వెనుకనో నిర్ణయించుట చేతిపని వలన అబ్బిన జ్ఞానము. యంత్రమునకును దానిని ఎవరో ఒకరు చెప్పవలసినదే.

కావున ఢిల్లీ తెలుగువారు రాబోవు పితృపక్షమున నొక సాయంకాలము బృందావనమునకు వెళ్లి, చెరుపకముందే సాంఝీని దర్శింపవలెను. మరలునపుడు చేతితో కత్తిరించిన అచ్చు నొకదానిని, కత్తిరించినవాని యొద్దనే, అతడడిగిన వెలకు కొనవలెను. ఇంటికి తెచ్చి పిల్లలచేత సంక్రాంతి కార్డులు చేయించినచో, ఒక్కొక్క పొర వెనుక నెంత శ్రమయున్నదో ఆ చిన్న వ్రేళ్లకే తెలియును.