విన్న పాటను నలుగురితో పంచుకొనుట
(గ్రామ పంచాయతి సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



రెండు దినములనుండి మీరు ఇంటిపన్నుల వసూలును గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు, మురుగుకాలువలను గూర్చియు వినుచున్నారు. నాకిచ్చిన విషయము వీనిలో దేనికిని చెందినది కాదు. మనము వినుచున్న పాటలను నలుగురికి వినిపించి, వానిని గూర్చి కలసి మాటలాడుకొనుట నేటి నా విషయము. పంచాయతికిని పాటకును సంబంధమేమని మీలో కొందరికి తోచియుండును. ఒకప్పుడు ఆ సంబంధము గట్టిగానే యుండెను. అది రేడియో రూపమున నుండెను.

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. హైదరాబాదులోని దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. ఆ దశకములోనే ప్రభుత్వము గ్రామములకు సామూహిక శ్రవణముకొరకు రేడియోలు సమకూర్చుట మొదలిడెను. విద్యుచ్ఛక్తి లేని యూళ్ళలో అవి బ్యాటరీలతో పనిచేసెడివి. ప్రొద్దుగ్రుంకిన పిదప జనము చేరి వార్తలు, ధరవరలు, వ్యవసాయపు మాటలు, వాని నడుమ వచ్చు పాటలు వినెడివారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన తరువాత శ్రోతలు కార్డులు వ్రాసి తమకు వలసిన పాట కోరుకొనుట యొక వేడుకయైనది. పాటకంటె ముందు చదువు పేర్లకొరకే చెవియొగ్గి కూర్చుండిన వారును లేకపోలేదు. ఊరి పేరు ఆకాశమున వినబడుట సామాన్యమైన సంగతియా!

అయితే ఆ రేడియోను గూర్చి తీపి మాటలు మాత్రమే చెప్పుట న్యాయము కాదు. పెట్టె యెవరి వీధిలో నుండెనో, యెవరి యరుగుపై నుండెనో, అది వారి సొత్తువలె నయ్యెడిది. దళితవాడవారు ఎడముగా నిలిచి వినవలసివచ్చిన యూళ్ళు కలవు. స్త్రీలు గడపలోపలనుండి విన్నదే వినుకలి. పేరు సామూహిక శ్రవణమే గాని సమూహములో సగమునకుపైగా వెలుపలనే యుండెను. ఈ మాట ముందుగా జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. చివర మరల చెప్పెదను.

1956లో పూనా ప్రాంతమున యునెస్కో సహాయముతో ఒక ప్రయోగము జరిగెను. ఐదు జిల్లాలలో 150 గ్రామములను ఎన్నుకొని, ప్రతి గ్రామమున ఇరువదిమందివరకు సభ్యులు గల శ్రోతల సంఘము నేర్పరచిరి. వారికొరకు ప్రత్యేకముగా 20 ప్రసారములు చేసిరి. ప్రసారము ముగియగానే సభ్యులు లేచి పోరాదు. విన్నదానిని గూర్చి చర్చింపవలెను. తుదకు పరిశీలకులు లెక్కచూడగా, చర్చ జరిగిన గ్రామములలో జనుల తెలివిడి విశేషముగా పెరిగినది. రేడియో యుండియు సంఘము లేని గ్రామములలో పెరుగుదల స్వల్పము. 1959లో ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసిరి. ఆ ప్రసారములు సేద్యము, ఆరోగ్యము మొదలగు వానికి సంబంధించినవే గాని సంగీతమునకు కాదు. కాని వినుట యొక పని, విన్నదానిని మాటలలో పెట్టుట వేరొక పని యని అవి తేల్చినవి. రెండవ పని జరిగినపుడే మొదటిది మనస్సున నిలుచును. పాటకును ఇది వర్తించునని నా నమ్మకము.

నేడు పెట్టె చిన్నదై ప్రతివాని జేబులో చేరినది. ఒకే యరుగుపై కూర్చుండిన ముగ్గురు యువకులు చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని మూడు పాటలు వినుచుందురు. ప్రక్కవాడు వినునదేమో రెండవవానికి తెలియదు. నేను యువకులను నిందించుటలేదు. ‘మా కాలపు పాటలే పాటలు’ అను పెద్దల ధోరణి నాకు సమ్మతము కాదు. దానివలన పిల్లవాడు ఇయర్‌ఫోనును మరికొంచెము లోనికి దూర్చుకొనుట తప్ప వేరు ఫలము లేదు. అతడు వినుచున్నదేమో అడిగి, ఆ పాటలో అతనికి నచ్చినదేమో చెప్పుమనుట మేలు. చాలమంది చెప్పలేరు. ‘బాగున్నది’ అందురు. బాగున్నది మాటయా, వరుసయా, గొంతుకయా, డప్పు దెబ్బయా అని రెండవ ప్రశ్న వేయవలెను. చర్చ యనగా నింతే.

మాటయు వరుసయు వేరని యిప్పుడంటిని. ఇందులకు తాళ్ళపాక అన్నమాచార్యులవారి చరిత్రకంటె తగిన యుదాహరణము లేదు. వారి కాలము 1408 మొదలు 1503 వరకు. వారు 32,000 సంకీర్తనలు రచించినట్లు వారి మనుమడే వ్రాసియుంచెను. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని యొక అరలో భద్రపరచిరి. కొన్ని శతాబ్దములు లోకమునకు తెలియక యుండి, ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున అవి అచ్చునకు వచ్చినవి. నేడు లభించునవి పండ్రెండువేలకు పైబడి యున్నవి. రేకుపై ప్రతి పాటకును రాగము పేరు కలదు. కాని దానిని ఏ వరుసలో పాడిరో తెలుపు స్వరము సాధారణముగా లేదు. మాట రాగిపై నిలిచినది. వరుస గొంతులతోనే పోయినది. ఇప్పుడు మనము వినుచున్న వరుసలలో పెక్కు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలుగా ఇటీవలి విద్వాంసులు కూర్చినవి. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రమువలన ఆ పాటలు పల్లెపల్లెకు తెలిసినవి.

మరియొక విశేషము. అన్నమాచార్యులవారు లాలిపాటలు, దంపుళ్ళ సువ్విపాటలు, గొబ్బిపాటలు మొదలగు పల్లెపాటల మట్లలోను రచించిరి. అనగా మన ముత్తవ్వలు రోటివద్ద పాడినదానికిని, తిరుమల కొండపై రాగిరేకు కెక్కినదానికిని చుట్టరికము కలదు. కాని మన ముత్తవ్వల పాటకు రాగిరేకు లేదు. మాటయు వరుసయు రెండును నోటిలోనే యున్నవి. ధాన్యపు మిల్లు వచ్చిన పిదప దంచుట పోయినది. నాటుయంత్రము వచ్చినచోట నాటుపాటకు పని తగ్గినది. ఆ పని చేసిన చేతులు, పాడిన గొంతులు ఇంకను కొన్ని యిండ్లలో నున్నవి. ఎనుబదియేండ్ల యవ్వను నేడు అడుగకపోయిన, వచ్చే యేడు అడుగుటకు ఆమె యుండునో లేదో. ఇది మురుగుకాలువవలె మరుసటి బడ్జెటులో చేర్చుకొనదగిన పని కాదు.

ఇట్టి పని చేసి చూపినవారు కలరు. జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామములో 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ ప్రారంభమైనది. స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో నడుపు అనుమతి 2006లో లభించిన పిదప దేశములో మొదట వెలసినవానిలో నిది యొకటి. దానిని నడుపుటకు పూనుకొన్నవారు దళిత స్త్రీలు. చిరుధాన్యములు పండించు చిన్నరైతులు. తమ పాటలు, పండుగలు, విత్తనముల సంగతులు తమ నుడికారములోనే ప్రసారము చేసిరి. వెనుకటి రేడియోవద్ద గడపలోపలనుండి వినినవారి మనుమరాండ్రు మైకు ముందు కూర్చుండిరన్నమాట. ప్రతి పంచాయతికి రేడియో కేంద్రము సాధ్యము కాదు. మీ చేతి ఫోనుతోనే ఆరంభింపవచ్చును.

ఇక ఆచరణ. వారమున కొక సాయంకాలము, గంటకు మించని కూటము చాలును. వచ్చినవారిలో ముగ్గురో నలుగురో తాము ఆ వారము విన్న పాట నొకదానిని వినిపింపవలెను, లేదా పాడవలెను. సినిమాపాట రావచ్చును, భజన రావచ్చును, బుర్రకథ ముక్క రావచ్చును. తెచ్చినవారు దానిని ఏల తెచ్చిరో చెప్పవలెను, తక్కినవారు అడుగవలెను. ఒకరి పాటను మరియొకరు ఎగతాళి చేయకుండ చూచుట సర్పంచి బాధ్యత. పంచాయతి నిధులనుండి దీనికి పైసయైనను వెచ్చింప నక్కరలేదు. కాని ఒగ్గుకథ చెప్పువానినో, డప్పు కళాకారునో పిలిచినపుడు మాత్రము చందా వేసికొని తగిన పైకమియ్యవలెను. అది వారి బ్రతుకుతెరువు. శాలువతో సరిపుచ్చుట మర్యాద కాదు.

లౌడుస్పీకరు వలదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట దానిని వాడరాదు; పగటికిని నివాసప్రాంతములలో 55 డెసిబెళ్ళ హద్దు కలదు. అదియునుగాక, వినదలచినవానికి వినిపించుట పంచుకొనుట. నిద్రించువాని నెత్తిపై మ్రోగించుట వేరు. ఈ విషయమై మీ యూళ్ళలో జరుగు తగవులు మీకే బాగుగ తెలియును.

స్థలము సంగతి ముందే సూచించితిని. గుడి మండపమునకు రాలేనివారు, ఒక కులము వీధిలోనికి రా సంకోచించువారు నేటికిని కలరు. కాన పాఠశాల వరండా మేలు. వేళను పురుషులు నిర్ణయింపరాదు. వంట ముగియు వేళ ఏదో, కూలినుండి మరలివచ్చు వేళ ఏదో స్త్రీలనే అడిగి, ఆ వేళకే కూటము పెట్టవలెను. వారు రానిచో పాతపాటలలో చాలభాగము రాదు.

వృద్ధులు పాడినదానిని ఫోనులో రికార్డు చేయునపుడు ముందు వారి యనుమతి గైకొనుడు. కొన్ని యేడ్పుపాటలు, కొన్ని యింటి పాటలు పదిమందికి పంపుటకు వారు ఇష్టపడరు. ఆ మాటను మన్నింపవలెను. ఒక పుస్తకములో తేదీ, పాట మొదటి మాట, పాడినవారి పేరు, ఎవరివద్ద నేర్చిరో, ఏ పనివేళ పాడెడివారో వ్రాయింపుడు. వ్రాతపని తొమ్మిదవ, పదవ తరగతి పిల్లల కిచ్చినచో వారికి ఆసక్తి కలుగును, అక్షరములును కుదురును. రికార్డు చేసినదానికి రెండవ ప్రతి వేరొక ఫోనులో తప్పక యుంచుడు. ఒక ఫోను నీటిలో పడిన నలుబది పాటలు పోవును.

భోజనమున కింకను అరగంట వ్యవధి కలదు. వెనుకవరుసలో కూర్చుండిన అమ్మ యొకరు నేను సువ్విపాట యనగానే ప్రక్కవారితో ఏదో చెప్పిరి. వారికి సమ్మతమైనచో ముందునకు రావలసినదిగా కోరుచున్నాను.