సీసము – శిశువు – మన కులవృత్తి
(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ఇట్టి సభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయమును గూర్చియు, వృత్తిశిక్షణను గూర్చియు పెద్దలు ప్రసంగించుట వాడుక. మేము నేడు ఒక లోహమును గూర్చి మనవి చేయదలచితిమి. లోహమును గూర్చి లోహకారుల కెదుట మాటలాడుట సాహసమే యగును. అయినను ఆ లోహము మన కొలిమినుండి మన యింటిలోనికి, ఇంటినుండి మన బిడ్డల యెముకలలోనికి పోవుచున్న మార్గమును శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైగా వెదకి కనుగొనియున్నారు. ఆ పరిశోధన మనవారి చెవిని పడవలయునని మా కోరిక. ఆ లోహము సీసము.

సీసము మనకు క్రొత్తది కాదు. వైద్యగ్రంథములు దీనిని నాగమనినవి. వెండిని శుద్ధిచేయునప్పుడు దీనిని వాడుదుము. దక్షిణదేశపు కంచువిగ్రహములను పరీక్షించినవారు వానియందు సీసపు పాలు కలదని చెప్పిరి. ఇత్తడిని చిత్రికపట్టుట సులభమగుటకు దీనిని కలుపుదురు. కలాయి వేయు తగరము చౌకయగుటకును దీనిని కలుపువారు కలరు. త్వరగా కరగును, చెప్పినట్లు వంగును, వెల తక్కువ. ఇన్ని సద్గుణములుండుటచేతనే దీని దుర్గుణము చిరకాలము కంటబడలేదు.

ఆ దుర్గుణ మెట్టిది? దేహము సీసమును సున్నమని భ్రమపడును. ఎముకకు బలమిచ్చు కాల్షియము పోవలసిన చోటికెల్ల ఇది పోవును. రక్తమునందు ఒక నెల మాత్రముండి, ఎముకలలో చేరి అచ్చట పదులకొలది సంవత్సరములు నిలిచియుండును. స్త్రీ గర్భవతియైనప్పుడు ఆ యెముకలనుండి మరల వెలువడి మాయను దాటి గర్భస్థశిశువును చేరును. మ్రింగిన సీసములో పెద్దవారి దేహము పదింట ఒక వంతు గ్రహించినచో పసివాని దేహము ఇంచుమించు సగము గ్రహించును. ఇనుము, కాల్షియము చాలని తిండి తినెడు బిడ్డ ఇంకను హెచ్చుగా గ్రహించును. అనగా బీదబిడ్డకే ఈ విషము మిక్కిలి ప్రియము.

ఈ సంగతి ఒక్కనాడు తేలినది కాదు. 1904లో ఆస్ట్రేలియాదేశపు బ్రిస్బేను నగరమున లాక్‌హార్ట్ గిబ్సన్ అను వైద్యుడు, వసారా కటకటాలకు పూసిన సీసపు రంగే బిడ్డల జబ్బునకు మూలమని ప్రకటించెను. పిల్లలు కటకటాలు పట్టుకొని, ఆ చేతులనే నోటిలో పెట్టుకొనుచుండిరి. ఆ దినములలో బిడ్డ చావకుండ బయటపడినచో నయమైనదని వైద్యులు తలచెడివారు. 1943లో అమెరికాలోని బోస్టనునందు బయర్సు, లార్డు అను నిరువురు, నయమై యింటికి పోయిన 20 మంది పిల్లల వెంటబడి చూచిరి. అందు 19 మంది బడిలో వెనుకబడియుండిరి. రోగము పోయినది గాని దాని గుఱుతు బుద్ధిలో మిగిలినది.

ఇంతలో మఱియొక యుపద్రవము వచ్చెను. 1921లో మోటారు యంత్రము చప్పుడు చేయకుండుటకు పెట్రోలునందు సీసపు ద్రవ్యమును కలుపవచ్చునని కనుగొనిరి. 1923 నుండి అది అమ్మకమునకు వచ్చి లోకమంతటను వ్యాపించెను. భూమి వయస్సును కొలిచిన క్లేర్ ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో ఎక్కడ చూచినను సీసపు కలుషమే కనబడుటచే విసిగి, దాని మూలమును వెదకబూనెను. గ్రీన్లాండు మంచుపొరలలో పురాతనపు పొరలయందు సీసము అత్యల్పము. ఇటీవలి పొరలయందు పలురెట్లు. మనము సహజమనుకొనుచున్న సీసము సహజము కాదని, అది మనుష్యులు పోసినదేనని 1965లో ఆయన ప్రకటించెను.

అయినను ఒక ఆక్షేపణ మిగిలియుండెను. సీసము సోకిన పిల్లలు సామాన్యముగా బీదవారు. బడిలో వెనుకబడుటకు బీదతనము కారణమా, సీసము కారణమా? రక్తపరీక్ష నిన్నమొన్నటి సీసమును మాత్రమే చెప్పును, ఐదేండ్లనాటిది చెప్పజాలదు. ఈ చిక్కును హెర్బర్టు నీడిల్‌మన్ అను వైద్యుడు విడదీసెను. మన యిండ్లలో పాలపన్ను ఊడినప్పుడు దానిని ఇంటికప్పుపైకి విసరుదుము. ఆయన ఆ పాలపండ్లనే బడిపిల్లలనుండి సేకరించెను. పన్ను ఎముక వంటిది. బాల్యమున సోకిన సీసమును చిట్టాలో వ్రాసినట్లు దాచియుంచును. తల్లిదండ్రుల చదువును, కుటుంబపు స్థితిని లెక్కలోనికి తీసికొని చూచినను, పంటిలో సీసము హెచ్చుగానున్న పిల్లల తెలివి కొలతలు తగ్గియుండెను. ఉపాధ్యాయులు ఏ పిల్లలను నిలుకడ లేనివారని వ్రాసిరో వారి పండ్లలోనే సీసము హెచ్చు. ఆ పిల్లలలో ఎవ్వరికిని జబ్బు చేయలేదు. వారిని చూచినవారు ఆరోగ్యవంతులనియే చెప్పుదురు. 1979లో ప్రకటింపబడిన ఆ పరిశోధన లోకమునకు కనువిప్పు కలిగించెను.

అది మొదలు ప్రమాణములు దిగుచు వచ్చినవి. అమెరికాలో 1960 తరువాతి యేండ్లలో ఒక డెసిలీటరు రక్తమున 60 మైక్రోగ్రాములవఱకు భయము లేదనిరి. 1985లో 25 అనిరి, 1991లో 10, 2012లో 5, 2021లో 3.5. సీసము మారలేదు, మన చూపు నిశితమైనది. ఇంత మాత్రము క్షేమకరమని చెప్పదగిన హద్దు ఏదియు లేదని ప్రపంచారోగ్యసంస్థ ఇప్పుడు చెప్పుచున్నది.

ఈ కొలతలు మనవారికి గురిగింజ లెక్కలో చెప్పిన సుబోధకమగును. 15 కిలోల బరువున్న బిడ్డ దేహములో ఇంచుమించు 11 డెసిలీటర్ల రక్తముండును. డెసిలీటరునకు 5 చొప్పున ఆ రక్తమంతటిలో నుండునది 55 మైక్రోగ్రాముల సీసము. ఒక గురిగింజ యెత్తు రమారమి 120 మిల్లీగ్రాములు. అనగా ఒక్క గురిగింజ యెత్తు సీసము రక్తములలో చేరినచో రెండువేలమంది బిడ్డలను ఆ మట్టమునకు తేగలదు. త్రాసులో ముల్లు కదలనంతటి ధూళిని మనము లెక్కింపము. బిడ్డ దేహము లెక్కించును.

మన దేశమున 2000 సంవత్సరమునుండి సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. ఇంటిరంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసముండరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలునకు వచ్చెను. ఇవి సంతోషింపదగినవే. కాని 2020లో యునిసెఫ్ సంస్థ ప్యూర్ ఎర్త్ అను సంస్థతో కలసి ప్రకటించిన నివేదిక ప్రకారము, రక్తమున 5 మైక్రోగ్రాములు మించిన బిడ్డలు లోకమున 80 కోట్లు. అందు 27 కోట్లకు పైగా భారతదేశమువారే. పెట్రోలు పోయినను పాత బ్యాటరీలను ఇండ్ల నడుమ కరగించుట పోలేదు, పాతరంగులు పోలేదు, పసుపునకు వన్నె దెచ్చుటకు కలుపు సీసపు క్రోమేటును పోలేదు. ఇంటిలో ఆముదపు దీపపు మసితో పట్టిన కాటుక వేరు, అంగడిలో కొనెడు సుర్మా వేరు. సుర్మాలలో కొన్ని సీసపు ఖనిజమును నూఱిన పొడియే.

2020 డిసెంబరున మన ఏలూరులో అయిదువందలమందికి పైగా జనులు మూర్ఛలతో కూలిన సంగతి మనమెవ్వరమును మఱువజాలము. రోగుల రక్తమున సీసము, నికెలు ఉన్నవని ఢిల్లీ వైద్యులు తెలిపిరి. ఇతర సంస్థలు పురుగుమందుల శేషములను వ్రేలెత్తి చూపినవి. మనము దానినుండి నేర్వవలసిన దొకటి కలదు. జనులు వీథిలో కూలిన తరువాత రక్తము తీసి చూచుట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లే యగును. ముందుగా కొలిచియుంచిన లెక్క ఉన్నప్పుడే, క్రొత్తగా వచ్చినదేదో తెలియును.

ఇక మన కార్ఖానాల మాట. మనలో పలువురకు పనిచోటును ఇల్లును ఒక్కటే. వసారాలో కొలిమి, లోపల వంటయిల్లు, నడుమ దోగాడు బిడ్డ. కొలిమిలో వేడి హెచ్చినకొలది సీసము ఆవిరియై, చల్లారి సన్నని ధూళియై గోడలపై, బట్టలపై వ్రాలును. తండ్రి పని ముగించి అదే చొక్కాతో బిడ్డ నెత్తుకొనును. ఆ ప్రేమతోడనే విషమును చేరుచున్నది. స్వర్ణకార సోదరులకు మఱియొక మాట: కె.డి.యం. అని పేరుపడిన అతుకులో వాడునది కాడ్మియము. అది సులభముగా కరగుటచే పనికి అనుకూలమే గాని, దాని పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండములను చెఱచును. క్యాన్సరు కలిగించు ద్రవ్యములలో చేరినది. ఆభరణము ధరించువారికంటె ఊదుగొట్టము పట్టినవారికే ఆ ప్రమాదము.

కంచర సోదరులు కూడ వినవలయును. 2022లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతమున, ఆఫ్ఘనుదేశమునుండి వచ్చిన కుటుంబముల వంటపాత్రలను పరీక్షింపగా, అల్యూమినియపు పాత్రలనుండియు ఇత్తడి పాత్రలనుండియు సీసము ఊరుచున్నట్లు తేలినది. ఏ తుక్కో తెలియని లోహముతో పోసిన పాత్రలో చింతపండు పులుసు కాచినచో ఆ పులుపు సీసమును లాగును. శుద్ధమైన తగరముతో కలాయి వేసిన పాత్రను ఎవ్వరును నిందింపరు. నింద వచ్చునది కల్తీకే.

ఇట్లు బహిరంగముగా చెప్పినచో వృత్తికి చేటు వచ్చునని కొందఱు శంకింపవచ్చును. మా యభిప్రాయము వేరు. బంగాళాదేశమున పసుపునందు సీసపు వన్నె కలుపుచుండిరని 2019లో పరిశోధకులు బయటపెట్టగా, ప్రభుత్వమువారు వర్తకులకు తెలియజెప్పి తనిఖీలు జరిపి దండించిరి. ఆ యేడు అంగడి పసుపులో నూటికి 47 మచ్చులయందు కనబడిన సీసము 2021 నాటికి ఒక్కదానియందును కనబడలేదు. ఆ దేశమున పసుపు వర్తకము నశింపలేదు. నిజము చెప్పుటచే నశించునది కల్తీయే గాని వృత్తి కాదు.

వైద్యముచే సరిచేయవచ్చునందురా? 2001లో అమెరికావారు 780 మంది బిడ్డలపై పరీక్షించి చూచిరి. మందు రక్తములోని సీసమును తగ్గించెను గాని బుద్ధిబలమును వెనుకకు తేలేకపోయెను. మిక్కిలి హెచ్చుగా సోకినవారికి మందు అవసరమే. కాని పోయినదానిని తిరిగి తెచ్చు మందు లేదు. రానీయకుండుట యొక్కటే మార్గము.

కావున సంఘమువారికి ఈ క్రింది మనవులు చేయుచున్నాము. కొలిమికిని వంటయింటికిని నడుమ గోడ యుండవలయును; స్థలము చాలనిచోట పలువురు చేరి ఒక సామాన్య కార్ఖానా ఏర్పఱచుకొనవలయును; పొగ బయటికి పోవుటకు గొట్టముండవలయును. పనిబట్టలు వేఱుగా నుంచి, చేతులు, మొగము కడుగుకొనిన పిమ్మటనే అన్నమునకు కూర్చుండవలయును. పనిచోట పొడి చీపురు వాడక తడిగుడ్డతో తుడువవలయును. గర్భవతులను, పసివారిని కరగించు చోటికి రానీయరాదు. బిడ్డలకు పాలు, రాగులు, ఆకుకూరలు లోపము లేకుండ పెట్టవలయును. సంఘనిధినుండి వృత్తికుటుంబముల బిడ్డలకు రక్తపరీక్ష చేయించవలయును. ఫలితమును తల్లిదండ్రులకు దక్క మఱెవ్వరికిని తెలియనీయరాదు. ఆడపిల్లల పెండ్లిమాటలలో ఇది మచ్చగా మాఱినచో పరీక్షకు ఎవ్వరును రారు.

పోషకమహాశయులారా! మనము బీదవిద్యార్థులకు జీతములకును, పుస్తకములకును, వసతికిని ఉదారముగా నిచ్చుచున్నాము. అది పుణ్యకార్యము. కాని ఆ బిడ్డ బడిగడప త్రొక్కకమునుపే వాని గ్రహణశక్తిలో కొంత మన వసారాలోనే కరగిపోయినచో, పిదప మన మిచ్చు వేతనము ఏ లోటును పూడ్చగలదు? ఒక కార్ఖానాకు పొగగొట్టము కట్టించుట, నూఱుగురు బిడ్డల రక్తము పరీక్షింపించుట విద్యాదానము కంటె వేఱు కాదు; విద్యాదానమునకు అది మొదటి మెట్టు.

బంగారము వన్నె చూడకయే మేలిమి యని మనవా రెవ్వరును ఒప్పుకొనరు. గీటురాతిపై గీచియే చెప్పుదురు. ఆ నియమమునే మన బిడ్డల యారోగ్యమునకును పట్టింపుడని ప్రార్థించుచున్నాము.