చెప్పిన జీతము – చేతికందు జీతము



కళ్లములో రాశిపోసిన ధాన్యమంతయు రైతు గాదెకు చేరదు. కూలివారికిని పనివారికిని కొలువవలసినది కొలిచిన పిమ్మట మిగిలినదే ఇల్లు చేరును. ఐరోపా దేశములలో జీతముల సంగతియు ఇట్టిదే. ఉద్యోగపత్రములో వ్రాసినది స్థూలవేతనము. ఆదాయపు పన్నును భీమా చందాలును పోగా చేతికందునది నికరవేతనము. నేడు తెలుగు యువతీయువకులు పలువురు జర్మనీ మొదలగు దేశములకు ఉద్యోగార్థులై పోవుచున్నారు. మొదటి అంకెను రూపాయలలోనికి మార్చుకొని, దానినిబట్టి అప్పుల వాయిదాలు నిర్ణయించుకొన్న కుటుంబము రెండవ అంకెను చూచినపుడు చిక్కులలో పడును. కావున ఈ భేదమును ముందుగనే గ్రహించుట మేలు.

జర్మనీలో పెండ్లియు పిల్లలును లేని సగటు ఉద్యోగికి 100 యూరోల జీతమున్నచో, చేతికి వచ్చునవి ఇంచుమించు 62 యూరోలు. తక్కినది ఆదాయపు పన్నుకును, పింఛను, వైద్యము, నిరుద్యోగము, వార్ధక్యసేవ అను భీమాలకును పోవును. పింఛను చందా జీతములో నూటికి 18.6 వంతులు, అందు సగము ఉద్యోగియు, సగము యజమానియు చెల్లింతురు. ఇట్లు యజమాని జీతముపైన వేరుగా ఇచ్చు చందాలన్నియు కలిసి సుమారు 20 యూరోలగును. బిస్మార్కు కాలమున, 1883లో వ్యాధిభీమాతో మొదలైన ఏర్పాటిది.

డెన్మార్కులోను నూటికి సుమారు 64 చేతికి మిగులును. కాని అచ్చట యజమాని చెల్లించు చందాలు స్వల్పము. వైద్యము మొదలగు సేవలకు ధనము ముఖ్యముగా ప్రజల పన్నులనుండియే వచ్చును. రెండుచోట్ల చేతికందునది దాదాపు సమానమే; అచ్చటికి వచ్చిన దారులు వేరు.

స్విట్జర్లాండు సంగతి చూడుడు. అచ్చట నూటికి 80కి పైగా చేతికందును. ఇది విని ఆశ్చర్యపడువారు మరియొక మాట వినవలెను. 1996నుండి అచ్చట వైద్యభీమా ప్రతివారికిని విధాయకము. దాని రుసుము జీతములో కోతపడదు. ఇంటిలో పెద్దలకును పిల్లలకును తలకింత చొప్పున భీమాసంస్థకు విడిగా కట్టవలెను. పెద్దవారికి అది నెలకు కొన్ని వందల ఫ్రాంకులగును. జర్మనీలో జీతము చేతికి రాకముందే పోవు సొమ్ము, స్విట్జర్లాండులో వచ్చిన తరువాత పోవును.

పేరొకటియైనను అర్థము మారు సందర్భములును కలవు. ఫ్రాన్సులో 2018వరకు నికరవేతనమనగా చందాలు మాత్రమే పోయినది. ఆదాయపు పన్ను ఉద్యోగి తరువాత చెల్లించెడివాడు. 2019 జనవరినుండి ఆ పన్నును జీతమునుండియే పట్టుకొనుచున్నారు. ఆస్ట్రియాలో పెక్కుమంది ఉద్యోగులకు ఏడాదికి 14 జీతములు లభించును. కావున అచ్చటి నెలజీతమును 12చే గుణించిన లెక్క తప్పును.

పన్ను తక్కువయైన దేశమే లాభకరమనుటయు సరికాదు. బల్గేరియాలో 2008నుండి ఆదాయపు పన్ను నూటికి 10 మాత్రమే. అయినను ఐరోపా సమాఖ్యలో మిక్కిలి తక్కువ జీతములుగల దేశములలో అదియు ఒకటి. చిన్న రాశిలో కొలత తక్కువపోయినంతమాత్రమున గాదె నిండదు.

కోతపడిన సొమ్మంతయు నష్టమని తలపరాదు. జబ్బుచేసిననాడు ఆసుపత్రి ఖర్చు, పని పోయిననాడు భృతి, ముదిమిలో పింఛను దానినుండియే వచ్చును. కాని పరదేశమున కొలదికాలమే ఉండువాడు వీనిలో ఏవి తనకు దక్కునో, ఏవి దక్కవో విచారించుకొనవలెను.

కావున పిల్లలను పంపు తల్లిదండ్రులు అప్పుపత్రముపై సంతకము చేయకముందే నాలుగు సంగతులు తెలిసికొనవలెను: జీతము ఏడాదికెంత? పన్నును చందాలును పోగా మిగులునదెంత? అందుండి వైద్యభీమా విడిగా కట్టవలెనా? ఆ ఊరిలో ఇంటి అద్దెయు తిండియు పోగా నిలుచునదెంత? ఈ నాలుగవ అంకెయే అప్పు తీర్చగలది.